ఉంగరం, వేలు, వేడినీళ్ళు

తొమ్మిదో తరగతికి నేను చెప్పే పాఠాల్లో నాకు బాగా ఇష్టమైనది వ్యాకోచం పాఠం. ఇష్టం ఎందుకంటే దానికి సామాను ఉంటుంది. కర్ర పిడి ఉన్న ఇత్తడి గుండు ఒకటి, ఆ గుండు సరిగ్గా దూరేటంత ఇత్తడి వలయం ఒకటి, ఒక స్పిరిటు దీపం. చల్లగా ఉన్నప్పుడు గుండు వలయంలోంచి జారిపోతుంది. గుండును వేడి చేస్తే దూరదు, పైనే కూర్చుంటుంది. పిల్లలు నోరు తెరిచి చూస్తారు. ఆ కాసేపు నేను గొప్పవాణ్ణి.

గుండు చల్లారాక ఈసారి వలయాన్ని వేడి చేస్తాను. బొక్క పెద్దదవుతుందా, చిన్నదవుతుందా అని అడుగుతాను. సగం మంది చిన్నదవుతుందంటారు. ఇత్తడి అన్ని వైపులా ఉబ్బుతుంది కాబట్టి లోపలికి కూడా ఉబ్బుతుందని వాళ్ళ లెక్క. నిజానికి వలయం మొత్తంగా పెరుగుతుంది, బొక్క కూడా దానితో పాటే పెరుగుతుంది. తప్పు చెప్పినవాళ్ళను లేపి నిలబెట్టి వెక్కిరించడం ఈ పాఠంలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం. దాచి లాభం ఏముంది?

ఈ బుద్ధి నాకు సిరిసిల్లలో అంటింది. మా నాయన అక్కడ సాంచాల మీద పనిచేసేవాడు. మేముండే వాడలో ఆ మరమగ్గాల చప్పుడుకు మాట వినపడక అందరం అరుచుకుంటూనే మాట్లాడుకునేవాళ్ళం. బడికి పోయినా నా గొంతు తగ్గేది కాదు. అందుకే సైన్సు సారుకు నన్ను చూస్తే మంట. ఒకరోజు ఇదే పాఠం చెబుతూ, నేను పక్కవాడితో ఏదో అన్నానని, దీపం మీద కాల్చిన గుండును పిడితో సహా నా చేతికిచ్చాడు. చెయ్యి చాపి పట్టుకోవాలి. గుండు చల్లారి వలయంలోంచి దూరేదాకా దించకూడదు. నిమిషానికోసారి వచ్చి వలయం ఆనించి చూసేవాడు. "ఇంక ఉబ్బే ఉన్నదిరా, నీ లెక్కనే" అనేవాడు. తరగతంతా నవ్వేది. భుజం పీకేస్తుంటే, ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే పీరియడ్ అయిపోయేదాకా నిలబడ్డాను.

నేను కూడా సారును కావాలని ఆరోజే అనుకున్నాను. పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాలని కాదు. ఆ గుండు నా చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోవాలని.

సాంచాలు సగం మూలపడ్డాక, నాయన పోయాక, మేము అమ్మ పుట్టిన ఊరు కోరుట్లకు వచ్చేశాం. అన్న దుబాయ్ పోయి కట్టడాల పనిలో చేరాడు. నాకు కోరుట్లలోనే సర్కారు బడిలో ఉద్యోగం దొరికింది. ఇంట్లో అమ్మ, నేను, వదిన, వదిన కూతురు. నాకప్పటికి పెళ్ళి కాలేదు.

వదిన బీడీలు చుట్టేది. మా వాడలో చుట్టని ఆడమనిషి లేదు. పొద్దున అన్నం వండి దించి, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవదు. తునికాకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం, మొన మడవడం. మనతో మాట్లాడుతూ, బయట పోయేవాళ్ళను పలకరిస్తూ చేసేది. చేతుల వంక చూసేదే కాదు. బీడీ మొన మడిచి లోపలికి నొక్కేది కుడిచేతి చూపుడు వేలు. ఆ వేలి గోరు పసుపు రంగుకు తిరిగి అరిగిపోయి ఉండేది. "నా గీ వేలు ఒక్కటి మంచిగుంటె సాలు, ఎవ్వల ముంగట చెయ్యి సాప" అనేది నవ్వుతూ.

అన్న బిడ్డ మా బడిలోనే తొమ్మిదో తరగతి చదివేది. ఇంట్లో నన్ను చిన్నాయన అనాలి, బడిలో సార్ అనాలి, ఈ రెండూ కలపొద్దని మొదటి రోజే చెప్పి పెట్టాను. సొంత పిల్లను వెనకేసుకొస్తున్నాడని ఎవరూ అనకూడదని అందరికంటే ఒక దెబ్బ ఎక్కువే వేసేవాణ్ణి. న్యాయం అంటే అదే అనుకునేవాణ్ణి.

ఆ ఏడు వ్యాకోచం పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. గుండు అయింది, వలయం అయింది, వెక్కిరింతలు అయ్యాయి. సామాను బల్ల మీద పెట్టి "ఏమన్న అడిగేదుందా?" అన్నాను. అడగమని కాదు దాని అర్థం. పాఠం అయిపోయిందని. పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. అన్న బిడ్డ ఒక్కతే లేచి నిలబడింది.

"సార్, రింగును, గుండును రెండింటిని ఒక్కసారే వేడిజేస్తే?"

"జేస్తే?"

"రింగు పెద్దగైతది, గుండు గూడ పెద్దగైతది గద సార్. మరి గప్పుడు దూర్తదా, దూరదా?"

నాకు తెలియదు. అసలు సంగతి అదీ. ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసేదే. రెండూ ఇత్తడే, రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి, కాబట్టి గుండు మామూలుగానే దూరుతుంది. అదే వేరే వేరే పదార్థాలైతే ఏది ఎక్కువ ఉబ్బుతుందో చూసుకోవాలి. ఆ పిల్ల అడిగింది ఆ పాఠంలో అడగదగ్గ ఒకే ఒక్క ప్రశ్న. కానీ నలభై మంది పిల్లలు నా మొహంలోకి చూస్తుంటే ఆలోచించడం నాకు చేతకాదు. ఒళ్ళు మండిపోయింది.

"గది పుస్తకంల ఉన్నదా?"

"లేదు సార్."

"మరెందుకడుగుతున్నవ్? తెలివి ఎక్కువైందా?"

గుండును మళ్ళీ దీపం మీద పెట్టాను. బాగా కాలేదాకా పెట్టాను. పిడి దాని చేతికిచ్చి, చెయ్యి చాపమని, చల్లారి వలయంలోంచి దూరేదాకా దించొద్దన్నాను. నిమిషానికోసారి వెళ్ళి వలయం ఆనించాను. "ఇంక ఉబ్బే ఉన్నది, నీ లెక్కనే" అన్నాను. సిరిసిల్ల సారు మాట ఒక్క అక్షరం పోకుండా నా నోట్లోంచి వచ్చింది. తరగతి నవ్వింది. ఆ పిల్ల కంట్లోంచి ఒక్క చుక్క రాలలేదు. నేను ఏడ్చినచోట అది ఏడవకపోవడం నాకు ఇంకా కోపం తెప్పించింది. గుండు దూరాక కూడా ఇంకో రెండు నిమిషాలు దించనివ్వలేదు.

ఆ సాయంత్రం వదిన పిల్లకు జడ వేస్తూ భుజం మీద చెయ్యి వేస్తే అది "అమ్మా" అని మూలిగింది. ఏమైందంటే, "ఖోఖో ఆడినం" అంది. నేను అక్కడే కూర్చుని అటుకులు తింటున్నాను. తింటూనే ఉన్నాను.

ఇంట్లో మాత్రం నా సైన్సుకు మంచి పేరుండేది. ఆ ముందటి ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టిన గాజు సీసా మూత బిగుసుకుపోయింది. అమ్మ, వదిన, ఎదురింటి పెద్దమనిషి, అందరూ కొంగులు చుట్టి, తువ్వాళ్ళు చుట్టి తిప్పారు. రాలేదు. నేను గిన్నెడు వేడినీళ్ళు తెప్పించి మూత మీద ధారగా పోసి, రెండు వేళ్ళతో తిప్పి తీసేశాను. రేకు ఎక్కువ ఉబ్బుతుంది, గాజు తక్కువ ఉబ్బుతుంది, అందుకే మూత వదులవుతుందని చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే నాకు కావలసింది. "మా చిన్నోడు ఉత్త నీళ్ళతోని మూత తీసిండు" అని అమ్మ వాడంతా చెప్పుకుంది. ఆ తర్వాత ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసులు తెచ్చేవాళ్ళు, తుప్పు పట్టిన నట్లు తెచ్చేవాళ్ళు. ఇంతమాత్రం తెలియదా అని నాలుగు తిట్టి, వేడినీళ్ళు తెప్పించి, తీసిచ్చేవాణ్ణి. ఒక్కటి కూడా తప్పిపోలేదు. వాటిల్లో దేనికీ నెత్తురు లేదు మరి.

ఉంగరం దుబాయ్ నుంచి వచ్చింది. అన్నతో పనిచేసే మనిషి సెలవు మీద వస్తూ తెచ్చాడు. అన్న అంచనా తప్పింది. వదిన ఉంగరపు వేలికి వదులై జారిపోతోంది, మధ్య వేలికి ఎక్కడం లేదు. కుడిచేతి చూపుడు వేలికి పట్టింది. పనిచేసే వేలికి ఎందుకు, దాచుకో అంది అమ్మే. "దాసిపెడితె ఆయన పంపినట్టు ఎట్లుంటది?" అని వదిన దాన్ని వేలికే ఉంచుకుంది. బీడీ మడుస్తుంటే చాటకు తగిలి టిక్కు టిక్కుమనేది. ఆ చప్పుడంటే ఆమెకు ఇష్టం.

ఒంటిపూట బడులు మొదలైన వారంలో, ఆ పాఠం అయిన కొద్ది రోజులకే, తునికాకు ఈనె ఒకటి ఆ వేలి గోరు సందులో గుచ్చుకుంది. మూడోనాటికి గోరుచుట్టు లేచింది. నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడిగించింది అమ్మ. నిమ్మకాయతో బీడీ చుట్టరాదు కదా, పగలు తీసేసి పని చేసి, పని అయ్యాక తొడుక్కునేది. వాపు వేలి మొదలు దాకా పాకింది. ఉంగరం అక్కడ బిగుసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వదిన అమ్మ ముందు చెయ్యి పెట్టింది.

"అత్తమ్మా, గుంజుతున్నది. అవుసలాయన కాడికి పోయి తెంపిచ్చుకొస్త. మల్ల అతికియ్యచ్చు."

అమ్మ గయ్యిమంది. "మొగడు దేశం గాని దేశంల, గంత ఎత్తుమీద నిలవడి పనిజేస్తున్నడు. ఆడు పంపిన ఉంగరం తెంపుతవా? ఆనికేమన్నయితే? నేను ఒప్ప."

మా వైపు ఈ పట్టింపు ఉంది. మనిషి గల్ఫులో ఉంటే వాడు పంపిన వస్తువు విరగకూడదు, తెగకూడదు. వదిన నా వైపు తిరిగింది. "తమ్మీ, నువ్వన్న జెప్పరాదు" అంది.

ఆ ఇంట్లో నా మాట చెల్లుతుంది. తెంపించుకురా వదినా అని ఒక్క మాట అంటే అమ్మ సణుక్కుని ఊరుకునేది. బంగారం పని చేసే అవుసలి దుకాణం రెండు సందుల అవతల. కానీ నాకు తొక్కు సీసా గుర్తొచ్చింది. వలయం వేడి చేస్తే బొక్క పెద్దదవుతుంది. బంగారం ఇనుము కన్నా కాస్త ఎక్కువే ఉబ్బుతుంది. ఛాతీ విరుచుకుని కూర్చున్నాను.

"తెంపుడెందుకు? నేను తీస్త" అన్నాను.

అన్న బిడ్డను నీళ్ళు కాగబెట్టమన్నాను. స్టీలు గ్లాసులో వదిన వేలు ముంచి పెట్టించి, బంగారం వ్యాకోచం గురించి చెప్పాను. అమ్మ తల ఊపింది. కాసేపాగి లాగితే ఉంగరం కదల్లేదు. నీళ్ళు సాలలేదన్నాను. ఇంకింత వేడివి తెమ్మన్నాను. ఆ పిల్ల పొయ్యి దగ్గర్నుంచి గిన్నె పట్టుకొచ్చి పోసింది. మూడోసారికి వేలు ఎర్రగా కమిలి, కణుపు ఎక్కడుందో కనిపించకుండా పోయింది. ఉంగరం కండలో కూరుకుంది.

"తమ్మీ, కాలుతున్నది" అంది వదిన.

"ఓర్సుకో వదినా. బంగారం కాగాలె."

అప్పుడే గాజులమ్మే చాచి గంప దించుకుంటూ వాకిట్లోకి వచ్చింది. మా వాడ ఆడవాళ్ళందరి చేతులూ ఆమెకు తెలుసు, చెయ్యి పట్టుకుంటే చాలు ఏ సైజు గాజు పడుతుందో చెబుతుంది. వదిన వేలు చూడగానే గంప అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"అరె, వేడినీళ్లు వద్దు సారూ, వేలు ఇంకింత ఉబ్బుతది. సన్న దారం ఇయ్యుండ్రి. ఉంగరం కిందికెల్లి దూర్చి వేలికి గట్టిగ చుట్టి మెల్లగ తిప్పుకుంట తీస్త. శానమందికి తీసిన. రాకుంటె కటింగ్ చేపియ్యుండ్రి, గంతే."

ఇంట్లో దారానికి కరువా? బీడీలు కట్టే దారం రీళ్ళకు రీళ్ళు చాట పక్కనే ఉన్నాయి. నేను నవ్వాను. వెక్కిరించే నవ్వు ఎట్లా ఉండాలో నాకు బాగా వచ్చు.

"గాజులమ్ముకునేటోళ్లు నాకు సైన్సు చెప్తరా చాచీ? నీ గంప నువ్వు సూసుకో."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. "మీ మర్జీ" అంది. పోతూ పోతూ వదిన తల మీద చెయ్యి వేసి, "బేటీ, చెయ్యి పైకి లేపి పెట్టుకో" అని చెప్పింది. గాజులు అమ్మకుండానే వెళ్ళిపోయింది.

నేను తల తిప్పేసరికి అన్న బిడ్డ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పొగలు వస్తున్నాయి. పోయడం లేదు. తల్లి వేలి వంక, ఉంగరం వంక మార్చి మార్చి చూస్తోంది. నాకు విసుగొచ్చింది. తరగతిలో అన్నట్టే, అలవాటు కొద్దీ, "ఏంది? ఏమన్న అడిగేదుందా?" అన్నాను.

"లేదు సార్" అంది. ఇంట్లో నన్ను సార్ అనడం అదే మొదటిసారి.

వంగి నీళ్ళు పోసింది. దాని కుడి భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదు, ఎడమ చేత్తో పోసింది. అది కూడా చూశాను నేను.

సోమవారం పొద్దున వదిన చాట ముందు కూర్చోలేకపోయింది. నేను బడికి పోయి వచ్చి మళ్ళీ నీళ్ళు కాగబెట్టించాను. సబ్బు రాసి గుంజాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడన్నా తెంపిద్దామని నోటిదాకా వచ్చింది, కానీ తెంపిస్తే ఆదివారం చేసిందంతా తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. వాడంతా చాచికి జై కొడుతుంది. రేపు తగ్గుతుందన్నాను. మంగళవారం తెల్లారేసరికి వేలు నల్లబడింది. కోరుట్లలో చూపిస్తే, ఇక్కడ కాదు, జగిత్యాల పెద్దదవాఖానాకు తీసుకపొమ్మన్నారు.

ఆటోలో వదిన, నేను, అన్న బిడ్డ. ఎండ దంచేస్తోంది. వదిన చెయ్యి పైకి లేపి, ఆటో కడ్డీకి ఆనించి పట్టుకుంది. చాచి చెప్పినట్టు.

జగిత్యాలలో నర్సు ఒక చిన్న కట్టరు తెచ్చి ఉంగరం కింద దూర్చి నొక్కింది. టక్కుమని తెగింది. అంతే, అర నిమిషం కూడా పట్టలేదు. తెగిన ఉంగరాన్ని కడిగి ఆ పిల్ల చేతిలో పెట్టింది. డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పి చూశాడు. వదినకు ఆ వేల్లో ఏమీ తెలియడం లేదు. వేలు తీసెయ్యాలన్నాడు, ఆలస్యం చేస్తే అరచెయ్యికి పాకుతుందన్నాడు. వదిన ఏదో అర్థం కానట్టు, "కొసకేనా సార్?" అని అడిగింది. మొదటికంటా అన్నాడు.

"గోరుచుట్టుకు వేలు పోగొట్టుకునుడేందమ్మా? గీ కాలిన బొబ్బలేంది?"

"వేడినీళ్లల్ల పెట్టిన సార్."

"ఎవరు పెట్టమన్నరు?"

వదిన నా వైపు చూడను కూడా చూడలేదు.

"నేనే పెట్టుకున్న సార్."

ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. "వాసిన వేలిని వేడినీళ్లల్ల పెడితె ఇంక వాస్తదని గంతగూడ తెల్వదా? ఉంగరం ఉబ్బుతదా, వేలు ఉబ్బుతదా? మీ ఇంట్ల సదువుకున్నోళ్లు ఎవ్వరు లేరా?"

నేను ఒక్క అడుగు దూరంలో నిలబడి ఉన్నాను. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఇచ్చారు వాళ్ళు. వదిన తల దించుకుని ఉంది. డాక్టరు ఎదురు చూస్తున్నాడు. నేను తెరవలేదు.

"లేరు సార్" అంది అన్న బిడ్డ.

డాక్టరు నన్ను చూపించి, ఈయన ఎవరని అడిగాడు. "మా చిన్నాయన. ఆటో మాట్లాడి తీసుకొచ్చిండు" అంది. అవునన్నట్టు నేను తల ఊపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఈరోజుకీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

వేలు తీసేశాక మందులు తేవడానికి బయటికి వచ్చి, దుకాణం ముందు నిలబడి, మందుల చీటీ వెనక లెక్క వేశాను. నేను ఎన్నడూ వెయ్యని లెక్క అది. గ్లాసులో నీళ్ళు ఎంత వేడి, ఉంగరం ఎంత వెడల్పు, బంగారం ఎంత సాగుతుంది. వెంట్రుక మందంలో పదో వంతు తేలింది. దాని కోసం వాపు కండను రెండు రోజులు ఉడకబెట్టాను. ఉంగరాన్ని, వేలిని రెండింటినీ ఒక్కసారే వేడి చేస్తే ఏమవుతుందో ఆ పిల్ల నన్ను ముందే అడిగింది. నేను జవాబు చెప్పి ఉంటే, చెప్పకపోయినా కనీసం ఆ గుండు దాని చేతికి ఇవ్వకుండా ఉంటే, ఆదివారం గిన్నె పట్టుకుని నిలబడ్డప్పుడు అది మళ్ళీ అడిగేది. అడగనివ్వకుండా చేసింది నేనే.

అన్నకు ఏం చెప్పాలో అమ్మ నిర్ణయించింది. బీడీ కత్తెరతో తెగి సెప్టిక్ అయిందని చెప్పాలి. వదిన కూడా సరేనంది. "ఆయనకు అసలు సంగతి సెప్పకుండ్రి. ఆడ సోయి తప్పితె కిందపడ్తడు" అంది. అబద్ధం అందరూ కలిసి ఆడారు. లాభం మాత్రం నా ఒక్కడికే.

మధ్య వేలితో బీడీ మొన మడవడానికి వదిన చాలా తిప్పలు పడింది. మొనలు విచ్చుకునేవి. కార్ఖానాలో తీసి పక్కన పడేసేవాళ్ళు. చివరికి తల్లి చుట్టడం, బిడ్డ మొనలు మడవడం అని కుదుర్చుకున్నారు. బడికి పోయే ముందు కాసేపు, వచ్చాక పొద్దుపోయేదాకా. పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల చూపుడు వేలి గోరు పసుపు రంగుకు తిరిగింది. క్లాసులో మాత్రం నేను అడిగినదానికి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేది. ఏమన్న అడిగేదుందా అంటే అందరితో పాటే తల అడ్డంగా ఊపేది.

ఏడాదిన్నర తర్వాత అన్న సెలవు మీద వచ్చాడు. వదిన చెయ్యి పట్టుకుని వేలు లేనిచోట నిమిరాడు. మర్నాడు తెగిన ఉంగరం పట్టుకుని అవుసలి దగ్గరికి పోయాడు, నన్నూ రమ్మన్నాడు. అవుసలాయన తెగినచోట టంకం పెట్టి, గొట్టంతో మంట ఊది, నీళ్ళల్లో వేసి, రుద్ది ఇచ్చాడు. ఎక్కడ తెగిందో కనిపెట్టడం నా వల్ల కాలేదు. ఇంటికి వచ్చాక అందరి ముందూ అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మ సెప్పింది తమ్మీ. నువ్వు జల్ది జగిత్యాల తీస్కపోకుంటె చెయ్యే పోవునట. ఉంగరం పెట్టుకుందామంటె మీ వదినకు వేలు లేకపాయె. నువ్వు పెట్టుకో."

ఉంగరపు వేలికి తొడిగాడు. నాకే కొలత తీసి చేయించినట్టు సరిగ్గా పట్టింది. అమ్మ కళ్ళు ఒత్తుకుంది. వదిన, బిడ్డ చాటకు అటూ ఇటూ కూర్చుని పని చేసుకుంటున్నారు. "వద్దు అన్నా, అసలు జరిగింది ఇదీ" అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. "సరే అన్నా" అన్నాను. అంత పిరికివాణ్ణి నేను.

అన్న మళ్ళీ దుబాయ్ పోయాడు. వీడియో కాల్ చేసినప్పుడల్లా నా చెయ్యి చూపించమంటాడు కాబట్టి ఉంగరం తీయడానికి లేదు. చలికాలం అదంతట అదే తిరుగుతుంటుంది. ఎండలు ముదిరితే బిగుసుకుంటుంది. ఎండకు ఉబ్బేది ఉంగరం కాదు, వేలు. ఈ ముక్క నా పాఠంలో లేదు, ఇప్పటికీ చెప్పను.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాను. ఉంగరం కింద ఒరుసుకుంటుంటే తెలియకుండానే బొటనవేలితో అటూ ఇటూ నెడుతున్నాను. కదలడం లేదు. వదిన నాలుగు వేళ్ళతో గరిటె పట్టుకుని పప్పు వడ్డిస్తూ ఆగింది. ఆమె కళ్ళు నా చేతి మీద ఉన్నాయి.

"తమ్మీ, బిగుసుకున్నట్టున్నది. ఇంక ఉబ్బకముందుకే తీసి పెట్టుకో" అంది.

ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని ఆమె మొహం వెతికాను. లేదు. నిజంగానే నా వేలి గురించి భయపడుతోంది. అది నాకు ఎత్తిపొడుపు కంటే ఎక్కువ బాధించింది.

"ఏంగాదు వదినా" అన్నాను.

మొనలు మడుస్తున్న అన్న బిడ్డ చాట పక్కన పెట్టి లేచింది. కుండలోంచి చెంబుడు చన్నీళ్ళు ముంచుకొచ్చి నా కుడిచేతి పక్కన కాదు, ఉంగరం ఉన్న ఎడమచేతి పక్కన పెట్టింది. వేలు ముంచుకోవడానికి. వెళ్ళి మళ్ళీ చాట ముందు కూర్చుంది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను చెంబు ఎత్తి, తాగడానికే పెట్టిందనుకున్నట్టు, గటగటా తాగేశాను.